డిచ్‌పల్లి డాక్టరమ్మ: రైతుబిడ్డ ఇసబెల్ కెర్

మన ఆర్మూరు ప్రాంతంలో పసుపు తవ్వకాలు మొదలైతే ఏ ఊరి పొలిమేరలో చూసినా పొగలే కనిపించేవి. ఎనిమిది తొమ్మిది నెలలు నేలలో ఉన్న పంటను పైకి తీసి, కొమ్ములు విరిచి, పెద్ద కడాయిల్లో ఉడికించి, కల్లంలో ఎండబోసేవారు. ఆ మరిగే కడాయి అంచు తగిలి చేయి కాలినా తెలియని రైతును ఒక్కసారి ఊహించుకోండి. తుమ్మముల్లు పాదంలో విరిగినా ఆయనకు నొప్పి ఉండదు. కుష్ఠువ్యాధి నరాలను తినివేసి సేద్యగాడికి ముందుగా చేసే కీడు ఇదే. పుండు పడుతుంది, వేళ్ళు వంకరపోతాయి, నాగలి పట్టు జారుతుంది. ఆ పైన ఊరుచేసే కీడు మొదలౌతుంది. బావి దగ్గరికి రానీయరు, పొత్తులో కూర్చోనీయరు. చివరకు సొంత ఇంటివారే వాకిలి చూపిస్తారు.

అటువంటి వారికోసం మన జిల్లాలో బ్రదుకు ధారపోసిన శ్రీమతి ఇసబెల్ కెర్ గారిని ఈ శతవార్షిక సంచికలో స్మరించుకొనడం మనకు విధి. ఆమెను అందరూ దొరసానిగానే తలుస్తారు గాని, ఆమె ఒక రైతుబిడ్డ. 1875 మే 30న స్కాట్లాండు దేశపు బాంఫ్‌షైర్‌లో ఒక వ్యవసాయదారుని ఇంట జన్మించారు. ఆడపిల్లలకు వైద్యవిద్య ఇంకా కొత్తగా ఉన్న ఆ దినములలో అబర్దీన్ విశ్వవిద్యాలయంలో చదివి 1903లో పట్టా పొందారు. ఆ యేడే రెవరెండ్ జార్జి కెర్ గారిని వివాహమాడారు. 1907లో వెస్లియన్ మెథడిస్టు మిషను తరఫున దంపతులిద్దరూ నైజాము రాజ్యానికి వచ్చి నిజామాబాదులో కాపురం పెట్టారు.

ఆస్పత్రి కోసం ఆమె వెదకలేదు, రోగులే ఆమె గడప తొక్కారు. కుష్ఠువ్యాధికి సూక్ష్మక్రిమి కారణమని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లోనే కనుగొన్నా, మందు మాత్రం దొరకలేదు. అందుచేత వచ్చినవారిని వైద్యులు ఓదార్చి పంపడమే ఎక్కువ. కెర్ దంపతులు అలా పంపలేక 1911లో నిజామాబాదులో ఒక చిన్న ఆశ్రమం తెరిచారు. త్వరలోనే అది చాలకపోయింది. అప్పుడు ధనసహాయం చేసినవారు రాజా నర్సాగౌడు గారు. ఆయన మన సంఘస్థులు కారు, హిందువులు. మన సభలలో మిషనరీల పేర్లు వరుసగా చదువుతూ ఈ దాత పేరు దాటిపోతూ ఉంటాము. అది మంచిది కాదని మా అభిప్రాయం. ఆయన దానంతోనే 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆస్పత్రి వెలిసింది.

అక్కడ వైద్యం ఓర్పుతో కూడిన పని. మన వైద్యులు అడవిబాదం అని పిలిచే హిడ్నోకార్పస్ గింజల నూనెను, కలకత్తా వైద్యుడు ఎర్నెస్ట్ మ్యూర్ గారి పద్ధతి ననుసరించి సూదిమందుగా ఇచ్చేవారు. సూది బాధ చిన్నది కాదు. నెలల తరబడి, ఒక్కొక్కరికి యేండ్ల తరబడి వేయించుకోవాలి. అయినా వ్యాధి తొలిదశలో ఉన్నవారికి గుణం కనిపించిందన్న వార్త ఊరూరా పాకింది. దాక్కొని బ్రదికేవారు తమంతట తామే నడిచి రాసాగారు. అంతకుముందు కుష్ఠు ఆశ్రమమంటే చావుకోసం ఎదురుచూచే చోటు. డిచ్‌పల్లి బాగుపడి తిరిగిపోయే ఆశ గల చోటయింది. చేతనైన రోగులు తోటలోను, పొలంలోను, కట్టడపు పనులలోను పాలుపుచ్చుకొనడం అక్కడి పద్ధతి. ఊరు విడిచి వచ్చిన రైతు మరల చేతితో మట్టి ముట్టుకొనడం సూదిమందుకు తక్కువేమీ కాదని మాకు తోస్తుంది. ఆ సంగతి రైతు ఇంట పుట్టిన డాక్టరమ్మకు మనం చెప్పాలా!

1923లో ప్రభుత్వం ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. 1932లో ఆమె హఠాత్తుగా ప్రభువునందు నిద్రించారు. అప్పటికి అరువది యేండ్లు కూడా నిండలేదు. భర్తగారు ఆ పని కొన్నేండ్లు సాగించారు. తరువాత సల్ఫోను మాత్రలు వచ్చి నూనె సూదులు వెనుకబడ్డాయి. 1982 నుండి బహుళ ఔషధ చికిత్స వ్యాపించి, ఆరు నెలల్లోనో సంవత్సరంలోనో రోగం కుదిరే రోజులు వచ్చాయి. పదివేల మందికి ఒక్కరికన్నా తక్కువకు వ్యాధి దిగివచ్చిందని 2005 డిసెంబరులో మన దేశం ప్రకటించింది. అయినా కొత్త రోగులు నేటికీ కనబడుతూనే ఉన్నారు.

ఇంటి తలుపులు అంత త్వరగా తెరుచుకోలేదు. మా పెద్దలు డిచ్‌పల్లి పేరెత్తితే గొంతు తగ్గించేవారు. ఆ ఊరు వెళ్ళి వచ్చినవానికి పిల్లనిచ్చేవారు లేరు, పొలంలో వాటా అడిగితే అన్నదమ్ములు మొగం చాటేసేవారు. ఈ విషయంలో మన సంఘాలు ఊరికన్నా మెరుగుగా నడిచాయని మేము ధైర్యంగా చెప్పలేము. కుష్ఠురోగులను బంధించి ఉంచే 1898 నాటి చట్టం 2016లో గాని రద్దు కాలేదు. భార్యాభర్తలు విడిపోవడానికి కుష్ఠువ్యాధిని ఒక కారణంగా ఒప్పుకొనే మాట, మన క్రైస్తవ విడాకుల చట్టంలో సహా, 2019 దాకా నిలిచే ఉంది. డాక్టరమ్మ కన్నుమూసి అప్పటికి ఎనుబది యేడేండ్లు.