గోల్డా మెయిర్: మ్యూనిక్ ప్రతీకారానికి సరే అనే ముందు ఆమె ఎందుకు వెనకాడారు?

మన దగ్గర ఉగ్రదాడి జరిగిన ప్రతిసారీ సోషల్ మీడియాలో ఒక మాట తిరుగుతుంది. ఇజ్రాయెల్‌లా కొట్టాలి.. ఎక్కడ దాక్కున్నా వెతికి మరీ కొట్టాలి అని. ఆ మాట వెనుక ఉన్నది 1972 నాటి కథ. అప్పుడు ఇజ్రాయెల్ ప్రధాని కుర్చీలో ఉన్నది 74 ఏళ్ల గోల్డా మెయిర్. చేతిలో ఎప్పుడూ సిగరెట్, చూడ్డానికి పక్కింటి బామ్మలా ఉండే మనిషి.

అయితే సినిమాల్లో, యూట్యూబ్ వీడియోల్లో చూపించినట్టు దాడి జరిగిన మరుక్షణమే ఆమె టేబుల్ మీద గుద్ది ఆర్డర్ వేయలేదు. అడిగారు, ఆలోచించారు, భయపడ్డారు కూడా. ఆమె భయాల్లో ఒకటి పదిన్నర నెలల తర్వాత అక్షరాలా నిజమైంది.

తలుపుకు అడ్డంగా చెక్కలు..

గోల్డా పుట్టింది 1898 మే 3న కీవ్‌లో. ఇప్పుడది ఉక్రెయిన్ రాజధాని, అప్పట్లో రష్యా సామ్రాజ్యంలో ఒక నగరం. తండ్రి వడ్రంగి. ఎనిమిది మంది పిల్లల్లో ఐదుగురు చిన్నప్పుడే చనిపోయారు. యూదుల ఇళ్ల మీద మూకలు పడి కొట్టడం, చంపడం అక్కడ మామూలైపోయిన రోజులవి. అలాంటి దాడి జరగబోతోందని పుకారు వస్తే తండ్రి వీధి తలుపుకు చెక్కలు అడ్డంగా పెట్టి మేకులు కొట్టడం.. ఆమెకు గుర్తున్న తొలి జ్ఞాపకం ఇదే. ఆ రోజు మూక రాలేదు. కానీ ఆ మేకుల చప్పుడు మాత్రం గోల్డాను జీవితాంతం వదల్లేదు. ప్రధాని అయ్యాక కూడా ఈ సంగతి తరచూ చెప్పేవారు.

1906లో కుటుంబం అమెరికాలోని మిల్వాకీ చేరింది. తల్లి కిరాణా కొట్టు నడిపేది. పై చదువు వద్దు, పెళ్లి చేసుకో అన్నందుకు టీనేజ్‌లోనే ఇంట్లోంచి పారిపోయి డెన్వర్‌లో ఉన్న అక్క దగ్గరకు వెళ్లిపోయిన మొండిపిల్ల. 1917లో మోరిస్ మెయర్సన్‌ను పెళ్లాడి, 1921లో భర్తతో కలిసి బ్రిటిష్ పాలనలో ఉన్న పాలస్తీనాకు వచ్చేశారు. అక్కడ ఒక సమష్టి వ్యవసాయ క్షేత్రంలో కోళ్ల పెంపకం చూసుకున్నారు. తర్వాత కార్మిక సంఘం, పార్టీ, రాజకీయాలు. కాపురం మాత్రం నిలబడలేదు.

ఇక్కడ చాలామంది దాటేసే ఘట్టం ఒకటుంది. 1946 జూన్‌లో బ్రిటిష్ వాళ్లు యూదు నాయకులను మూకుమ్మడిగా అరెస్ట్ చేశారు. బయట మిగిలిన గోల్డా యూదు ఏజెన్సీ రాజకీయ విభాగం బాధ్యతలు తీసుకున్నారు. నెల తిరక్కుండానే, జులై 22న జెరూసలేంలో బ్రిటిష్ కార్యాలయాలున్న కింగ్ డేవిడ్ హోటల్‌లో బాంబు పేలింది. 91 మంది చనిపోయారు. వాళ్లలో బ్రిటిష్ వాళ్లు, అరబ్బులు, యూదులు.. అందరూ ఉన్నారు. పెట్టింది ఇర్గున్ అనే యూదు రహస్య దళం. యూదు ఏజెన్సీ ఆ దాడిని ఖండించింది. అంటే ఉగ్రదాడి తర్వాత ఒక ప్రభుత్వం ఎలా విరుచుకుపడుతుందో, కర్ఫ్యూలు, సోదాలు మామూలు జనానికి ఎలా తగులుతాయో గోల్డా అవతలి వైపు నుంచి చూశారన్నమాట. ఇర్గున్ నాయకుడు మెనాహెమ్ బెగిన్ 1977లో ఇజ్రాయెల్ ప్రధాని కావడం మరో విచిత్రం.

1948 మే 14న ఇజ్రాయెల్ స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన 37 మందిలో మహిళలు ఇద్దరే. వాళ్లలో ఒకరు గోల్డా. ఆ వెంటనే వచ్చిన యుద్ధంలో సుమారు 7 లక్షల మంది పాలస్తీనియన్లు ఇళ్లు, ఊళ్లు పోగొట్టుకుని శరణార్థులయ్యారు. పాలస్తీనియన్లు అనే ప్రత్యేక జాతి ఉందనే మాటనే గోల్డా 1969లో తోసిపుచ్చారు. ఆ వ్యాఖ్యకు ఆమె ఇప్పటికీ విమర్శలు ఎదుర్కొంటూనే ఉన్నారు. మ్యూనిక్ కథ వినేటప్పుడు ఈ శరణార్థి శిబిరాలను పక్కన పెట్టేస్తే సగం కథే విన్నట్టు.

వద్దన్న మంత్రి స్థానంలోకి..

తిరిగి కొట్టాలా వద్దా అనే గొడవ ఇజ్రాయెల్‌లో మ్యూనిక్‌తో మొదలవలేదు. 1953 అక్టోబర్‌లో యెహుద్ అనే ఊళ్లో ఒక ఇంటి మీదకు సరిహద్దు దాటి వచ్చిన వాళ్లు గ్రెనేడ్ విసిరారు. ఒక తల్లి, ఆమె ఇద్దరు పిల్లలు చనిపోయారు. దానికి జవాబుగా ఏరియల్ షరాన్ నాయకత్వంలోని సైనికులు అప్పట్లో జోర్డాన్ అధీనంలో ఉన్న కిబ్యా అనే గ్రామం మీద పడ్డారు. ఇళ్లు పేల్చేశారు. 69 మంది చనిపోయారు. ఎక్కువ మంది ఆడవాళ్లు, పిల్లలే. ఐక్యరాజ్యసమితి భద్రతామండలి తప్పుపట్టింది.

విదేశాంగ మంత్రి మోషే షారెట్ ఇలాంటి దాడులకు వ్యతిరేకి. ఒక దెబ్బకు ఇంకో దెబ్బ, దానికి మరో దెబ్బ.. ఇలా పోతే ఆగేదెక్కడ అన్నది ఆయన వాదన. ప్రధాని బెన్ గురియన్ లెక్క వేరు. మనం ఊరుకుంటే సరిహద్దు ఊళ్లలో జనం రాత్రిళ్లు ఎలా పడుకుంటారు, ప్రభుత్వం మీద నమ్మకం ఎలా ఉంటుంది అని. నిజానికి ఇద్దరి మాటల్లోనూ పస ఉంది. 1956 జూన్‌లో షారెట్‌ను తప్పించారు. ఆయన కుర్చీలోకి వచ్చింది ఎవరో కాదు.. గోల్డానే. మెయర్సన్ అన్న ఇంటిపేరును హీబ్రూలోకి మార్చి మెయిర్ అయింది కూడా అప్పుడే. ఇంకో నాలుగు నెలలకే ఇజ్రాయెల్ సూయెజ్ యుద్ధంలోకి దిగింది. పదేళ్లు ఆమె విదేశాంగ మంత్రి.

అంటే 1969 మార్చిలో ప్రధాని అయ్యేనాటికి గోల్డా ఏ పక్షమో అందరికీ తెలుసు. అందుకే మ్యూనిక్ తర్వాత ఆమె తటపటాయింపు దగ్గరివాళ్లకే ఆశ్చర్యం కలిగించింది.

ఆ రాత్రి ఫోన్

1972 సెప్టెంబర్ 5. మ్యూనిక్ ఒలింపిక్స్ జరుగుతున్నాయి. తెల్లవారుజామున బ్లాక్ సెప్టెంబర్ అనే పాలస్తీనా సంస్థకు చెందిన ఎనిమిది మంది కంచె దూకి క్రీడాగ్రామంలోకి చొరబడ్డారు. ఇజ్రాయెల్ బృందంలో ఇద్దరిని అక్కడే చంపి, తొమ్మిది మందిని బందీలుగా పట్టుకున్నారు. ఇజ్రాయెల్ జైళ్లలో ఉన్న 200 మందికి పైగా ఖైదీలను వదలాలన్నది డిమాండ్. గోల్డా ససేమిరా అన్నారు. ఒకసారి లొంగితే ఇక ప్రపంచంలో ఎక్కడా ఇజ్రాయెల్ పౌరుడికి రక్షణ ఉండదని ఆమె వాదన. ఆ మాట అన్నప్పుడు తొమ్మిది కుటుంబాలు రేడియో ముందు కూర్చుని ఉన్నాయి.

మొసాద్ అధిపతి జ్వీ జమీర్‌ను మ్యూనిక్ పంపారు. కానీ ఆపరేషన్ జర్మన్లదే, ఆయన ప్రేక్షకుడు మాత్రమే. ఫర్‌స్టెన్‌ఫెల్డ్‌బ్రుక్ ఎయిర్‌బేస్‌లో ఎనిమిది మంది సాయుధులకు ఎదురుగా జర్మన్లు పెట్టింది ఐదుగురు షూటర్లను. వాళ్లకూ ఇలాంటి పనిలో శిక్షణ లేదు. కాల్పులు అర్ధరాత్రి దాటే వరకూ సాగాయి. ఈలోగా బందీలంతా క్షేమం అని వార్త బయటకు పొక్కింది. ఇజ్రాయెల్‌లో జనం ఊపిరి పీల్చుకున్నారు. కాసేపటికి జమీర్ నుంచి గోల్డాకు ఫోన్ వచ్చింది. తాను కళ్లారా చూశానని, ఒక్కరూ బతికి లేరని ఆయన చెప్పారు. మొత్తం 11 మంది ఇజ్రాయెలీలు, ఒక జర్మన్ పోలీసు చనిపోయారు. దాడి చేసినవాళ్లలో ఐదుగురు హతం, ముగ్గురు సజీవంగా దొరికారు.

మొదటి జవాబు మూడు రోజుల్లోనే వచ్చింది. సెప్టెంబర్ 8న ఇజ్రాయెల్ విమానాలు సిరియా, లెబనాన్‌లలోని పాలస్తీనా స్థావరాల మీద బాంబులు వేశాయి. చనిపోయినవాళ్లలో సామాన్యులూ ఉన్నారు. సెప్టెంబర్ 10న ఐరాస భద్రతామండలిలో సైనిక చర్యలు వెంటనే ఆపాలంటూ తీర్మానం పెట్టారు. 13 ఓట్లు అనుకూలం. అందులో మ్యూనిక్ ఊసే లేదంటూ అమెరికా వీటో చేసింది. ఐరాస చరిత్రలో అమెరికా వీటో వాడటం అది రెండోసారి మాత్రమే. ఆ రోజు అమెరికా తరఫున చెయ్యెత్తిన రాయబారి జార్జ్ బుష్.. తర్వాత అధ్యక్షుడైన సీనియర్ బుష్.

గోల్డా అడిగింది ఏంటంటే..

బాంబులతో ఆగాలా, ఇంకా ముందుకెళ్లాలా? తలుపులు మూసుకుని జరిగిన అసలు చర్చ ఇదే. జమీర్, సైనిక ఇంటెలిజెన్స్‌కు అధిపతిగా పనిచేసిన అహరోన్ యారివ్ ఇద్దరూ ఒక ప్రతిపాదనతో వచ్చారు. యూరప్‌లో ఉంటూ బ్లాక్ సెప్టెంబర్‌కు పనిచేస్తున్నవాళ్లను ఒక్కొక్కరిగా చంపడం. కోర్టు లేదు, విచారణ లేదు. పైగా పరాయి దేశం గడ్డ మీద, అదీ స్నేహితుల గడ్డ మీద.

గోల్డా వెంటనే ఒప్పుకోలేదు. మన కుర్రాళ్లు అక్కడ దొరికిపోతే పరిస్థితి ఏంటి? ఆ దేశాలకు ఏం సమాధానం చెబుతాం? ఈ ఆలోచన ఆమెకు అస్సలు రుచించలేదని, తామే ఒప్పించామని యారివ్ ఇరవై ఏళ్ల తర్వాత, 1993లో బీబీసీకి చెప్పారు. యూరప్ ప్రభుత్వాలు ఉగ్రవాదులను పట్టుకున్నా వదిలేస్తున్నాయి, మనం ఆపకపోతే ఇంకెవరూ ఆపరు అన్నది వాళ్లిద్దరి వాదన. చివరికి గోల్డా సరే అన్నారు. కాకపోతే ఒక షరతు. ప్రతి పేరూ తన దగ్గరకు రావాలి, ఆధారాలు చూశాకే అనుమతి. రక్షణ మంత్రి మోషే దయాన్ లాంటి కొద్దిమంది మంత్రులతో కూడిన ఈ బృందానికి తర్వాతి రోజుల్లో కమిటీ ఎక్స్ అని పేరు పడింది. ఆపరేషన్‌కు బయట ప్రచారమైన పేరు రాత్ ఆఫ్ గాడ్.. దైవాగ్రహం.

అక్టోబర్ 16న రోమ్‌లో వాయెల్ జ్వైటర్ అనే పాలస్తీనా అనువాదకుడిని ఇంటి దగ్గరే కాల్చి చంపారు. ఆయనకు మ్యూనిక్‌తో నిజంగా సంబంధం ఉందా అన్నది నేటికీ వివాదమే. అక్టోబర్ 29న లుఫ్తాన్సా విమానం హైజాక్ అయితే, పశ్చిమ జర్మనీ తన దగ్గరున్న ఆ ముగ్గురు నిందితులనూ వదిలేసింది. వాళ్లకు లిబియాలో ఘన స్వాగతం దక్కింది. అంతే.. కోర్టులు చూసుకుంటాయి అనేవాళ్ల నోళ్లు ఇజ్రాయెల్‌లో మూతపడ్డాయి. డిసెంబర్‌లో పారిస్‌లో టెలిఫోన్‌లో బాంబు. 1973 ఏప్రిల్‌లో ఏకంగా బీరూట్ నడిబొడ్డున కమాండో దాడి. ముగ్గురు పాలస్తీనా అగ్రనేతలు హతమయ్యారు. విగ్గు పెట్టుకుని ఆడవేషంలో వెళ్లిన కమాండర్ ఎహుద్ బరాక్ 1999లో ప్రధాని అయ్యారు. ఆ రాత్రి ఒక నేత భార్య, ఏ సంబంధమూ లేని ఒక వృద్ధురాలు కూడా చనిపోయారు.

నార్వేలో ఆ హత్య

ఇక 1973 జులై 21. నార్వేలోని లిల్లెహామర్ అనే చిన్న పట్టణం. బ్లాక్ సెప్టెంబర్ ముఖ్యుడు అలీ హసన్ సలామే అక్కడున్నాడని మొసాద్‌కు సమాచారం. ఒక వ్యక్తిని వెంటాడారు, సినిమా చూసి భార్యతో ఇంటికి వెళ్తుంటే కాల్చేశారు. తీరా చూస్తే అతను సలామే కాదు. మొరాకో నుంచి వచ్చి అక్కడ వెయిటర్‌గా బతుకుతున్న మనిషి. అతని భార్య అప్పుడు గర్భవతి. అంత చిన్న ఊళ్లో కొత్త మొహాలు దాగుతాయా? ఆరుగురు మొసాద్ మనుషులు దొరికిపోయారు. ఐదుగురికి శిక్ష పడింది.

దొరికితే ఏంటి పరిస్థితి అని గోల్డా అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చేసింది. అంతకంటే పెద్ద ప్రశ్న.. కొడుతున్నది అసలు మనిషినేనా అన్నదానికి కూడా. ప్రతి పేరూ తన టేబుల్ మీదకు రావాలన్న షరతు ఆ వెయిటర్‌ను కాపాడలేకపోయింది. ఎందుకంటే టేబుల్ మీదకు వచ్చిన పేరు సరైనదే, వీధిలో కనిపించిన మనిషే వేరు. ఆమె ఆపరేషన్‌ను నిలిపివేయించారు.

రెండున్నర నెలలకే అక్టోబర్ 6న ఈజిప్ట్, సిరియా సైన్యాలు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. 2,600 మందికి పైగా ఇజ్రాయెల్ సైనికులు ప్రాణాలు కోల్పోయారు. యూరప్‌లో మనుషుల వేటలో పడి సరిహద్దులో కదలికలను తేలిగ్గా తీసుకున్నారని కొందరు విమర్శకులు ఇప్పటికీ అంటారు. సైనిక ఇంటెలిజెన్స్ అంచనాలు తప్పడమే కారణమన్నది మరో మాట. విచారణ కమిషన్ గోల్డాను తప్పుపట్టలేదు. వీధుల్లో నిరసనకు దిగిన జనం మాత్రం వదల్లేదు. 1974 ఏప్రిల్‌లో రాజీనామా చేశారు.

ఏళ్ల తరబడి లింఫోమా క్యాన్సర్‌ను జనానికి తెలియకుండా దాచిన గోల్డా 1978 డిసెంబర్ 8న జెరూసలేంలో 80 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆరు వారాల తర్వాత, 1979 జనవరి 22న బీరూట్‌లో కారు బాంబుతో సలామేను చంపేశారు. దారిన పోయేవాళ్లూ అందులో చనిపోయారు. అప్పటికి ప్రధాని బెగిన్. మ్యూనిక్ దాడికి పథకం వేసింది తానేనని చెప్పుకున్న అబూ దావూద్ మాత్రం 1981లో వార్సాలో తూటాలు తగిలినా బతికి బయటపడి, 2010లో డమాస్కస్‌లో అనారోగ్యంతో పోయాడు. తాము చేసింది పగ కాదని, జరగబోయే దాడులను ఆపడమేనని జమీర్ తర్వాత కూడా వాదించారు.

లిల్లెహామర్ వెయిటర్ కుటుంబానికి ఇజ్రాయెల్ 1996లో పరిహారం చెల్లించింది. హత్య బాధ్యతను మాత్రం ఒప్పుకోలేదు. తండ్రిని ఎన్నడూ చూడని ఆ బిడ్డకు అప్పటికి 22 ఏళ్లు.