రేసింగ్ ఖర్చు తగ్గించిన కరివర్ధన్

బాన్సువాడ: కారు రేసింగ్ అంటే పైసలున్నోళ్ల షోకు అంటారు. ఆ లెక్క మార్చిన మనిషి ఎస్. కరివర్ధన్. 1954లో పుట్టిన ఈయనది కోయంబత్తూరు లక్ష్మీ మిల్స్ కుటుంబం. తరాల కిందనే తమిళనాడులో స్థిరపడ్డ తెలుగు నాయుళ్లు.

ఆయనకు డబ్బుకు కొదవ లేదు. విదేశీ కారు తెప్పించుకుని, నాలుగు కప్పులు గెలిచి ఊరుకోవచ్చు. కానీ షోలవరం పాత ఎయిర్‌స్ట్రిప్ మీద రేసులు నడుపుతూనే సొంతంగా కార్లు డిజైన్ చేశారు, తయారు చేయించారు. మారుతి ఇంజిన్‌తో కట్టిన ఫార్ములా మారుతి వాటిలో బాగా పేరు తెచ్చుకుంది. ఇంజిన్ ఇక్కడిదే కాబట్టి సామాను మన బజారులోనే దొరికేది, ఖర్చు దిగింది. అందరిదీ ఒకే రకం కారు. ఇక గెలుపు జేబు మీద కాదు, స్టీరింగ్ పట్టిన చేతి మీద ఆధారపడింది.

1995లో విమాన ప్రమాదంలో 41 ఏళ్లకే ఆయన చనిపోయారు. ఫార్ములా మారుతి నడిపిన కోయంబత్తూరు కుర్రాడు నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో పోటీపడ్డ మొదటి భారతీయుడయ్యాడు. చెట్టిపాళయంలో 2003లో మొదలైన ట్రాక్‌కు కరి మోటార్ స్పీడ్‌వే అని ఆయన పేరే పెట్టారు. రెండు కిలోమీటర్లు దాటిన ఆ ట్రాక్ మీద ఇప్పటికీ జాతీయ పోటీలు జరుగుతున్నాయి.

2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు ఒక్కసారి జరిగింది, మరుసటి ఏడు రద్దయింది. బయట నుంచి తెచ్చుకున్న రేసు అట్ల వచ్చి ఇట్ల పోతది. కరివర్ధన్ వర్క్‌షాపులో మొదలుపెట్టిన పని మాత్రం నిలబడింది. బైకులు విప్పి బిగించే మన బాన్సువాడ పోరగాళ్లు తెలుసుకోవాల్సిన జీవితం ఇది.