మన కరీంనగర్ తొలి పార్లమెంటు సభ్యుడు బద్దం ఎల్లారెడ్డి



కరీంనగర్‌లో సీపీఐ ఆఫీసు మీద బద్దం ఎల్లారెడ్డి భవన్ అనే పేరు మనలో చాలామందిమి చదివాము. ఆ ఎల్లారెడ్డి ఎవరో అడిగితే మాత్రం చెప్పగలిగేవారు తక్కువ. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆయన జీవితం గురించి రాస్తున్నాము.

ఆయనది సిరిసిల్ల ప్రాంతంలోని గాలిపల్లి. ఈనాటి ఇల్లంతకుంట మండలంలో ఉంది. అది నిజాం పాలన, దొరల రాజ్యం. బరువులు మోయాలన్నా, ఊరూరికి కబురు చేర్చాలన్నా, చెప్పులు కుట్టి ఇవ్వాలన్నా కూలి లేదు. దాన్నే వెట్టిచాకిరి అన్నారు. ఆ వెట్టి చేసింది ఎవరో కాదు, మన తాతలు, ముత్తాతలు. ఎల్లారెడ్డి గారు రెడ్డి కులంలో పుట్టారు. దొరల పక్షాన నిలబడి ఉంటే ఆయనను అడిగేవారు లేరు. ఆయన వెట్టికి ఎదురు నిలిచారు.

ఆంధ్ర మహాసభ మొదట్లో తెలుగు బడుల కోసం, గ్రంథాలయాల కోసం అర్జీలు పెట్టుకున్న సంస్థ. 1944 భువనగిరి సభలో రావి నారాయణరెడ్డి అధ్యక్షులయ్యాక అది పల్లెల్లోని పేదల సంఘంగా మారింది. జనం దానిని సంఘం అనే పిలిచారు. 1947 సెప్టెంబర్ 11న నిజాంపై సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన ప్రకటన మీద ముగ్గురి పేర్లున్నాయి. ఒకటి రావి నారాయణరెడ్డిది, రెండవది కవి మఖ్దూం మొహియుద్దీన్‌ది, మూడవది మన ఎల్లారెడ్డిది. ఆ పోరులోనే 1948 మార్చి 14న మన జిల్లా వీరుడు అనభేరి ప్రభాకరరావు మహమ్మదాపూర్ గుట్టల్లో తన సహచరులతో కలిసి నేలకొరిగారు. నిజాం లొంగిపోయినా పోరాటం ఆగలేదు. 1951 అక్టోబర్ 21న పార్టీ దానిని విరమించింది.

ఆ వెంటనే మొదటి సాధారణ ఎన్నికలు వచ్చాయి. తుపాకి పట్టమన్న నాయకుడు ఓటు అడగవలసి వచ్చింది! కమ్యూనిస్టు పార్టీపై హైదరాబాద్ రాష్ట్రంలో నిషేధం ఉండడంతో వారు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీ చేశారు. అప్పట్లో కరీంనగర్ ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఒకటి జనరల్ సీటు, ఒకటి షెడ్యూల్డు కులాల సీటు. ప్రతి ఓటరుకు రెండు ఓట్లు. జనరల్ సీటులో ఎల్లారెడ్డి గెలిచారు. రిజర్వుడు సీటులో గెలిచింది ఎం.ఆర్. కృష్ణ. ఆయన అంబేద్కర్ గారి షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ అభ్యర్థి.

ఈ మాట మన హాస్టల్ విద్యార్థులందరూ గుర్తుంచుకోవాలి. ఆ ఎన్నికల్లో అంబేద్కర్ గారే బొంబాయిలో ఓడిపోయారు. దేశం మొత్తం మీద ఆయన పార్టీకి లోక్‌సభలో వచ్చినవి రెండే సీట్లు. ఒకటి షోలాపూర్, రెండవది మన కరీంనగర్. పక్కనున్న ఆదిలాబాద్ కూడా కాంగ్రెస్‌ను కాదని సోషలిస్టు సి. మాధవరెడ్డిని పంపింది.

ఢిల్లీలో లెక్క వేరు. 489 మందిలో కాంగ్రెస్ వారు 364. ఎల్లారెడ్డి గారి ఫ్రంటుకు ఏడుగురు, కమ్యూనిస్టులు 16 మంది. వీరంతా చెయ్యెత్తినా ఏ బిల్లూ ఆగదు. పైగా సభలో ఎక్కువ బిల్లులు మూజువాణి ఓటుతో, అంటే అవును, కాదు అనే కేకలతో తేలిపోతాయి. అప్పుడు ఎవరి ఓటు ఎటో పుస్తకంలోకి ఎక్కదు. ఎవరైనా పట్టుబట్టి డివిజన్ అడిగితేనే పేరుపేరునా నమోదవుతుంది. రాజ్యాంగ సవరణలకైతే లెక్కింపు తప్పనిసరి. ఓడిపోతామని తెలిసినా ప్రతిపక్షం డివిజన్ అడిగేది అందుకే.

విచారణ లేకుండా మనుషులను జైల్లో పెట్టే ప్రివెంటివ్ డిటెన్షన్ చట్టాన్ని 1952లో పొడిగించినప్పుడు కమ్యూనిస్టు బెంచీలు గట్టిగా ఎదిరించాయి. చట్టం ఆగలేదు. తెలంగాణ పల్లెల నుంచి జైళ్ళకు పోయినవారిని ఎరిగిన ఎల్లారెడ్డి గారికి అది కాగితం మీది చర్చ మాత్రమే అయి ఉండదని మా అభిప్రాయం. ఆ లోక్‌సభలోనే అంటరానితనం నేరాల చట్టం కూడా వచ్చింది. 1955 జూన్ 1 నుంచి అమలైంది. హోటల్లో వేరే గ్లాసు పెట్టడం, బావి దగ్గర అడ్డుకోవడం ఆ చట్టం కింద శిక్షార్హమయ్యాయి. గ్లాసు మాత్రం చాలా ఊళ్ళలో ఆ తర్వాత కూడా వేరుగానే ఉండింది. పెద్దలను అడిగితే చెబుతారు.

1957లో కరీంనగర్ రెండు సీట్లూ కాంగ్రెస్‌కు పోయాయి. కృష్ణ గారు ఆ పార్టీలో చేరి మళ్ళీ గెలిచారు, తర్వాత పెద్దపల్లి నుంచి రెండుసార్లు నెగ్గారు. ఎల్లారెడ్డి గారు పార్టీ మారలేదు. 1964లో పార్టీ చీలినా సీపీఐలోనే ఉన్నారు. ఆ ఏడే రాజ్యసభకు వెళ్ళి 1970 వరకు సభ్యులుగా ఉన్నారు.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఆయన పార్టీ విశాలాంధ్ర కోరింది. 1956లో హైదరాబాద్ రాష్ట్రం రద్దయి ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు హర్షించింది. 1969లో తెలంగాణ విద్యార్థులు వీధుల్లోకి వచ్చినప్పుడు కూడా ప్రత్యేక రాష్ట్రాన్ని ఒప్పుకోలేదు. ఆయన మీద ఎంత గౌరవం ఉన్నా ఈ విషయంలో మా మనసు ఆ విద్యార్థుల వైపే ఉంది. తర్వాత చాలా ఏళ్ళకు అదే పార్టీ తెలంగాణకు మద్దతు ఇచ్చింది, 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. అది చూడడానికి ఎల్లారెడ్డి గారు అప్పటికి లేరు.