రాళ్ళతో మాట్లాడించిన మాస్టారు – సంకాలియా గారు

మన గోడపత్రికలో గాంధీగారి గురించి, అల్లూరి సీతారామరాజు గురించి, కొమురం భీం గురించి చాలాసార్లు చదివాం. వాళ్ళంతా పోరాటాలు చేసినవాళ్ళు. ఈసారి నేను రాసేది ఏ పోరాటమూ చెయ్యని ఒక మాస్టారి గురించి. ఆయన పేరు హస్‌ముఖ్ ధీరజ్‌లాల్ సంకాలియా. చదువు లేని రోజుల్లో, రాత లేని రోజుల్లో బతికిన మనుషులకు కూడా చరిత్ర ఉందని మన దేశంలో ఊరూరా తిరిగి చూపించినవాడు ఆయన. అందుకే ఆయన సంగతి మనకి తెలియాలని నా కోరిక.

సంకాలియా గారు 1908 డిసెంబర్ 10న బొంబాయిలో ఒక గుజరాతీ కుటుంబంలో పుట్టారు. నెలలు నిండకుండానే పుట్టిన పిల్లాడు, చాలా బలహీనం. బతుకుతాడని ఎవరూ అనుకోలేదంట. ఆ పిల్లాడే పెద్దయ్యాక ఎండలో, నదుల ఒడ్డున, మైళ్ళకు మైళ్ళు నడిచాడు.

పదిహేనేళ్ళ వయసులో ఆయన తిలక్ గారు రాసిన ఒక పుస్తకం చదివారు. ఆర్యులు ఎక్కడి నుంచి వచ్చారనేది అందులో విషయం. పాతకాలం మనుషుల సంగతి తేల్చాలనే పట్టుదల అప్పుడే పుట్టింది. దానికోసం సంస్కృతం చదివారు. ఎం.ఏ.లో నలందా విశ్వవిద్యాలయం మీద పరిశోధన చేశారు. అది 1934లో పుస్తకంగా వచ్చింది. తర్వాత లండన్ వెళ్ళి గుజరాత్ పురావస్తువుల మీద పరిశోధన చేసి 1936లో పిహెచ్.డి. తెచ్చుకున్నారు. అక్కడ ఉన్నప్పుడే మోర్టిమర్ వీలర్ అనే పెద్దాయన మెయిడెన్ కాసిల్ అనే పాత కోటలో తవ్వకాలు చేస్తుంటే వెళ్ళి పని నేర్చుకున్నారు. మట్టిని పొరలు పొరలుగా ఎట్లా తియ్యాలి, ఏ వస్తువు ఏ పొరలో దొరికిందో ఎట్లా రాసుకోవాలి అనేది ఆ పని. వినడానికి చిన్న పనిలాగే ఉంటుంది. కానీ పొర తప్పితే కాలమే తప్పిపోతుంది.

1939లో పూనాలో దక్కన్ కాలేజీని పరిశోధన సంస్థగా మళ్ళీ తెరిచారు. సంకాలియా గారు అక్కడ ప్రొఫెసర్‌గా చేరారు. తవ్వకాలకు డబ్బు లేదు. అయినా ఆయన ఊరికే కూచోలేదు. చుట్టుపక్కల ఊళ్ళలో పాత గుళ్ళూ, పాత సమాధి రాళ్ళూ వెతుకుతూ తిరిగారు. 1941లో గుజరాత్ వెళ్ళి సబర్మతి నది ఒడ్డున రాతియుగం పనిముట్లు వెతికారు. తర్వాత లంఘ్నజ్ అనే చోట ఇసుక దిబ్బల్లో చిన్న చిన్న రాతి పనిముట్లతోపాటు ఆనాటి మనుషుల అస్థిపంజరాలు కూడా బయటపడ్డాయి.

ఇక్కడ నది ఒడ్డు సంగతి చెప్పాలి. వాగు కోసుకుపోయిన గట్టును పక్కనుంచి చూడండి. అడుగున గులకరాళ్ళు ఉంటాయి, దానిమీద ఒండ్రు, మళ్ళీ గులకరాళ్ళు, మళ్ళీ ఒండ్రు, అన్నిటికంటే పైన నల్లమట్టి. కింద ఉన్నది ముందు వచ్చింది, పైన ఉన్నది తర్వాత వచ్చింది. మహారాష్ట్రలో ప్రవరా నది ఒడ్డున నెవాసాలో సంకాలియా గారు ఇట్లాగే చూశారు. అడుగు గులకరాళ్ళలో పెద్ద పెద్ద చేతిగొడ్డళ్ళు దొరికాయి. పై గులకరాళ్ళలో రాతి పెచ్చులతో చేసిన చిన్న పనిముట్లు దొరికాయి. అంటే మధ్య రాతియుగమని ఒకటి వేరుగా ఉందని రుజువైంది. పుస్తకం లేదు, శాసనం లేదు. గట్టే పుస్తకం.

నెవాసాలో 1954 నుంచి 1956 వరకు తవ్వారు. అక్కడ మూడువేల ఏళ్ళకు పూర్వం రైతులు ఉండేవాళ్ళు. చనిపోయిన పసిపిల్లల్ని కుండల్లో పెట్టి ఇంటి నేల కిందే పాతిపెట్టేవాళ్ళు. ఒక పిల్లాడి మెడలో దారంతో గుచ్చిన రాగి పూసల దండ దొరికింది. ఆ తల్లి ఏ భాష మాట్లాడిందో మనకి తెలియదు. కానీ బిడ్డను దూరంగా వదిలెయ్యలేక ఇంట్లోనే ఉంచుకుందని నాకు అనిపిస్తుంది. నర్మద ఒడ్డున నావ్‌దాతోలిలో తవ్వితే మాడిపోయిన గోధుమలు, వడ్లు, మసూరు పప్పు, పెసలు దొరికాయి. రాజుల పేర్లు దొరకలేదు గానీ జనం ఏం తిన్నారో దొరికింది. నాకైతే ఇదే గొప్ప సంగతి.

ఇక ఆయన చేసిన అన్నిటికంటే పెద్ద పని శిష్యులను తయారుచెయ్యడం. ఇంత పెద్ద దేశాన్ని ఒక్క మనిషి తిరగలేడు కదా. అందుకని పిహెచ్.డి. కోసం వచ్చిన విద్యార్థులకి ఒక్కొక్కరికి ఒక జిల్లానో, ఒక నదినో అప్పగించేవారు. ఆ విద్యార్థి ఆ ప్రాంతమంతా కాలినడకన తిరగాలి. వాగులు, గుట్టలు, గుహలు చూడాలి. దొరికిన ప్రతి రాయి మీదా చోటు రాయాలి. చివరికి ఆ ప్రాంతం కథను మొదటినుంచి వరసగా చెప్పాలి. అట్లా ఒక్కో జిల్లా కలిపితే దేశపటం నిండుతుందని ఆయన ఆలోచన.

ఆ శిష్యుల్లో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. బెండపూడి సుబ్బారావు గారు బళ్ళారి ప్రాంతం తీసుకున్నారు. సంగనకల్లు గుట్ట దగ్గర తవ్వి, సానపట్టిన రాతి గొడ్డళ్ళ కాలం ఇనుము కాలం కంటే ముందుదని పొరలతో చూపించారు. ఆ పుస్తకం 1948లో వచ్చింది. తర్వాత ఆయన బరోడాలో ప్రొఫెసర్ అయ్యారు గానీ 1962లో చిన్న వయసులోనే చనిపోయారు. ఐజాక్ గారు కర్నూలు జిల్లా రాతియుగాల మీద పరిశోధన చేసి 1960లో పిహెచ్.డి. పొందారు. ఎం.ఎల్.కె. మూర్తి గారు చిత్తూరు జిల్లా తిరిగి 1966లో పిహెచ్.డి. పూర్తిచేశారు. రేణిగుంట దగ్గర సన్నని రాతి పలకల్లాంటి పనిముట్లు ఆయన గుర్తించారు. తర్వాత బేతంచెర్ల వైపు ముచ్చట్ల చింతమాను గవిలో తవ్వితే ఎముకతో చేసిన పనిముట్లు దొరికాయి. గవి అంటే గుహే. ఈ కర్నూలు గుహల్ని 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే తెల్లదొర తవ్వించాడు. ఖడ్గమృగం ఎముకలు కూడా అప్పుడు దొరికాయి. ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఎక్కడైనా ఖడ్గమృగం ఉందా చెప్పండి!

మూర్తి గారు ఇంకో మంచి పని చేశారు. గుహల్లో దొరికిన వస్తువులు అర్థం కావాలంటే అడవి తెలిసినవాళ్ళను అడగాలని చెంచుల దగ్గరికీ, యానాదుల దగ్గరికీ వెళ్ళారు. ఏ కాలంలో ఏ దుంప దొరుకుతుంది, వేట ఎట్లా, వల ఎట్లా అని చూసి రాసుకున్నారు. మన హాస్టల్లో కొందరు తమ్ముళ్ళు ఇంట్లో అవ్వలు దుంపలు తవ్వుకొచ్చి తింటారని చెప్పడానికి సిగ్గుపడతారు. ఎందుకు సిగ్గు? పెద్ద చదువులు చదివినవాళ్ళు ఆ సంగతులు నేర్చుకోవడానికి మన గూడేలకే వచ్చారు.

ఒక్క విషయం నన్ను ఆలోచనలో పడేసింది. సుబ్బారావు గారు 1956లో రాసిన ఇంకో పుస్తకంలో దేశాన్ని మూడు రకాలుగా విభజించారు. నదీ మైదానాలు జనాన్ని ఆకర్షించిన చోట్లు. కొన్ని కాస్త పక్కకి ఉన్నవి. కొండలు, అడవులు బొత్తిగా విడిగా ఉండిపోయినవి, ఆదివాసులు మిగిలినవి. విడిగా ఉన్నామంటే నిజమే, రోడ్డు లేదు, బడి ఆలస్యంగా వచ్చింది. కానీ విడిగా ఉండటం వేరు, చరిత్ర లేకపోవడం వేరు. ఆ గురువు, ఆ శిష్యులు అడవుల్లో ఏరిన రాళ్ళే దీనికి సాక్ష్యం. మన పాఠ్యపుస్తకంలో రాజులకు పేజీలు పేజీలు ఉంటాయి, రాతి గొడ్డలి చేసినవాడికి ఒక్క పాఠమే. కాలం లెక్క చూస్తే మాత్రం రాతియుగం ముందు రాజుల కాలం ఎంతో చిన్నది.

సంకాలియా గారు తోచింది చెప్పడానికి భయపడలేదు. రామాయణంలోని లంక ఇప్పటి శ్రీలంక కాదని, మధ్య భారతంలో ఎక్కడో ఉండాలని 1973లో ఒక పుస్తకం రాశారు. చాలామంది ఒప్పుకోలేదు. అయినా ఆధారాలు చూసి మాట్లాడాలనే ఆయన పద్ధతి మెచ్చుకోవాలి.

ఆయన 1973లో రిటైరయ్యారు. 1974లో ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. 1978లో తన జీవితకథ రాసుకున్నారు. 1989 జనవరి 28న పూనాలో కన్నుమూశారు.

మిత్రులారా, మన వాగుల్లో, గుట్టల మీద కూడా రాళ్ళు ఉన్నాయి. రాకాసి గుళ్ళు అని మనవాళ్ళు పిలిచే పెద్ద రాళ్ళ వలయాలు పాతకాలపు సమాధులు. అక్కడ నిధి ఉంటుందని ఎవరో చెబితే తవ్వకండి. తవ్వితే నిధి దొరకదు గానీ పొరలు చెడిపోతాయి, ఆ పేజీ మళ్ళీ దొరకదు. వాటంగా చెక్కినట్టున్న రాయి కనబడితే ఎక్కడ దొరికిందో కాగితం మీద రాసి సోషల్ మాస్టారికో, వార్డెన్ గారికో చూపించండి. రేపు మనలో ఒకరు పెద్ద చదువుకి వెళ్ళి ఈ అడవినే తన జిల్లాగా తీసుకుంటే, ఆ పరిశోధన వేరేవాళ్ళు చేసినదానికంటే బాగుంటుంది. ఎందుకంటే దారులు మనకి తెలుసు, పేర్లు మనకి తెలుసు, అవ్వల మాటలూ మనకి తెలుసు.

– 10వ తరగతి విద్యార్థి