ఎర్రమల గుహలు తవ్వించిన రాబర్ట్ బ్రూస్ ఫుట్

కర్నూలు మొదలు బళ్లారి వరకు ఎన్నో ఇళ్లలో పరచి ఉన్నది బేతంచెర్ల నాపరాయి. అది సున్నపురాయి. ఆ రాతికొండల గుహలలో ఆదిమానవుని కాలపు ఎముకల కోసం తవ్వించిన భూవిజ్ఞాని రాబర్ట్ బ్రూస్ ఫుట్.

ఆయన 1834లో ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్‌లో జన్మించి, 1858లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ శాఖలో చేరారు. 1863 మే 30న మద్రాసు చెంత పల్లావరం వద్ద మానవుడు చెక్కిన రాతి పనిముట్టు ఆయన కంటబడింది. మన దేశంలో పాత రాతియుగపు మనిషి ఉనికికి అదే తొలి ఆధారంగా ప్రసిద్ధి పొందింది. అయితే ఒక లోటు మిగిలింది. ఆ ఎర్రని లాటరైటు నేలలో రాయి నిలుస్తుందిగాని ఎముక నిలవదు. ఆ మనిషి ఏ జంతువుల నడుమ బ్రతికాడో తెలియాలంటే ఎముకను కాపాడే నేల కావాలి. సున్నపురాతి గుహలోని మట్టి అట్టిది.

ఎర్రమలకూ నల్లమలకూ నడుమ కుందూ నది పారే లోయ ఉంది. ఆ ఎర్రమలలో, బేతంచెర్ల సమీపాన బిల్లసర్గం గుహలున్నాయి. వాననీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని స్వల్పంగా ఆమ్లగుణం పొందుతుంది. బండల చీలికలలోకి దిగి సున్నపురాయిని యుగాల తరబడి కరిగిస్తుంది. చీలిక సందవుతుంది, సందు గవి అవుతుంది. పైకప్పు కూలినచోట లోతైన కందకం మిగులుతుంది. లోనికి చేరిన మట్టిలో ఎముకలు పూడుకుపోతాయి.

1844లోనే కెప్టెన్ న్యూబోల్డ్ ఈ ఎముకలను గురించి వ్రాశారు. ఆపై ఆ సంగతి చాలాకాలం మరుగునపడింది. మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్ పూనికతో ఫుట్ 1884లో తవ్వకం సాగించారు. సైనికోద్యోగి అయిన ఆయన కుమారుడు హెన్రీ 1885 వరకు దానిని కొనసాగించాడు. దొరికిన ఎముకలను 1886లో లిడెకర్ పరిశీలించి వర్ణించారు. వానిలో ఖడ్గమృగం ఉంది, నేడు ఆఫ్రికాలో మాత్రమే మిగిలిన చుక్కల దుమ్ములగొండి ఉంది!

కొన్ని ఎముక ముక్కలు మనిషి చెక్కినవేనని ఫుట్ భావించారు. దీనిపై పండితులలో సందేహాలు తప్పలేదు. 1970లలో ఆ జిల్లాలోనే ముచ్చట్ల చింతమాను గవిలో ఎం.ఎల్.కె. మూర్తి తవ్వకాలలో ఎముక పనిముట్లు బయటపడడంతో ఆయన మాటకు బలం చేకూరింది.

బళ్లారి జిల్లా భూవిజ్ఞానంపై ఫుట్ గ్రంథం 1895లో వెలువడింది. అక్కడి బూడిద దిబ్బలు పశువుల పేడ కాలగా ఏర్పడినవని ఊహించినవారిలో ఆయన ముందువారు. 1891లో పదవీ విరమణ చేశాక బరోడా, మైసూరు సంస్థానాలలో పనిచేసి ఏర్కాడులో స్థిరపడ్డారు. జీవితమంతా కూడబెట్టిన రాతి పనిముట్లు 1904లో మద్రాసు మ్యూజియానికి చేరాయి. వాటి పట్టిక అచ్చుకాకమునుపే 1912 డిసెంబరు 29న కలకత్తాలో కన్నుమూశారు. అది 1914లో వెలువడింది.