చూపులేని ముఅజ్జిన్: హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి)

దైవప్రవక్త ముహమ్మద్ (స) గారి ముఅజ్జిన్ ఎవరని అడిగితే మన పిల్లలు తడుముకోకుండా హజ్రత్ బిలాల్ (రజి) పేరు చెబుతారు. మస్జిదె నబవీలో మరో ముఅజ్జిన్ కూడా ఉండేవారనీ, ఆయనకు కళ్ళు కనిపించేవి కావనీ చాలామంది పిల్లలకు తెలియదు. పెద్దలలో కూడా తెలిసినవారు తక్కువే. ఆయనే హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి). ఆయన జీవితాన్ని మన ఇళ్ళలో, బడులలో, మక్తబ్‌లలో పిల్లలకు చెప్పవలసిన అవసరం ఈనాడు ఎంతో ఉంది. ఎందుకో ముందుగా మనవి చేస్తాము.

కొన్నేళ్ళ క్రితం మేము పాఠాలు చెప్పే ఒక మక్తబ్‌కు చూపు బాగా మందగించిన ఒక బాలుడు వచ్చేవాడు. ఒకరోజు తోటి పిల్లలు అతని చెప్పులు దాచి, అతను గుమ్మం దగ్గర నేలంతా తడుముకుంటుంటే చూసి నవ్వుతున్నారు. మేము కోపంతో మందలించాము. అప్పుడు వారిలో ఒక చిన్నవాడు భయపడుతూనే ఒక మాట అడిగాడు. అందరిచేత సబఖ్ వినిపించుకునే ఉస్తాద్ అతనిని మాత్రం ఒక్కరోజు కూడా అడగరెందుకని ఆ పిల్లవాడి ప్రశ్న. మా దగ్గర జవాబు లేకపోయింది. అతనికి కష్టం కలిగించకూడదని మేము అతణ్ణి వెనక వరుసలో కూర్చోబెట్టాము. అది దయ అనుకున్నాము. పిల్లలు మాత్రం దానిలో వేరే పాఠం చదివారు. ఈ అబ్బాయి లెక్కలోకి రాడని వారు మా నుంచే నేర్చుకున్నారు. ఆ రాత్రి మేము హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) జీవితాన్ని మళ్ళీ చదివాము.

మక్కాలో

ఆయన ఖురైష్ తెగలోని బనూ ఆమిర్ వంశస్థులు. తండ్రి పేరు ఖైస్. తల్లి పేరు ఆతికా. ఆమె ఉమ్మె మక్తూమ్‌గా ప్రసిద్ధురాలు. అందుకే ఆయన తల్లి పేరుతోనే చరిత్రలో నిలిచిపోయారు. మదీనావాసులు ఆయనను అబ్దుల్లాహ్ అనీ, ఇరాఖ్ వారు అమ్ర్ అనీ పేర్కొన్నారు. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఖదీజా (రజి)కు ఆయన మేనమామ కొడుకు. మక్కాలో ఇస్లాం స్వీకరించడమంటే కష్టాలను కొనితెచ్చుకోవడమే అయిన తొలి రోజులలోనే ఆయన విశ్వసించారు. ధర్మజ్ఞానం పట్ల ఆయనకు తీరని దాహం ఉండేది.

ఒకరోజు దైవప్రవక్త (స) ఖురైష్ సర్దార్లతో మాట్లాడుతున్నారు. వారు విశ్వసిస్తే వారి వెనుక ఎందరో విశ్వసిస్తారన్నది ఆయన ఆశ. ఆ సమయంలో హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) అక్కడికి వచ్చారు. ఎదుట ఎవరు కూర్చున్నారో ఆయనకు కనిపించదు. తనకు ధర్మం నేర్పమని మాటిమాటికీ అడగసాగారు. మాటకు అంతరాయం కలిగినందున దైవప్రవక్త (స) ముఖం చిట్లించి, సర్దార్ల వైపు తిరిగారు. దానిలో ఏ తిరస్కారమూ లేదు. ఉన్నదల్లా ధర్మప్రచారం పట్ల ఆరాటమే. అయినప్పటికీ అల్లాహ్ వెంటనే దైవవాణిని అవతరింపజేశాడు. దివ్యఖుర్ఆన్‌లోని 80వ సూరా ‘అబస’ ఆ సంఘటనతోనే ప్రారంభమవుతుంది. తమకు ధర్మంతో పనిలేదనుకునే ధనికులకంటే, దైవభీతితో పరుగెత్తుకు వచ్చిన అంధుడే ఎక్కువ శ్రద్ధకు అర్హుడని ఆ ఆయత్‌లు తెలియజేశాయి.

ఇక్కడ పాఠకులు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఆ ముఖకవళిక హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి)కు కనిపించనే లేదు. ఆయన నొచ్చుకున్నదీ లేదు, ఫిర్యాదు చేసినదీ లేదు. అయినా అల్లాహ్ దానిని వదిలిపెట్టలేదు. ప్రళయం వరకు మానవులు పఠించే గ్రంథంలో చేర్చాడు. చూడలేనివాని ఎదుట మనం పెట్టే ముఖాన్ని, వినలేనివాని వెనుక మనం అనే మాటను ఆ వ్యక్తి గ్రహించకపోయినా చూసేవాడు, వినేవాడు ఒకడున్నాడు. పిల్లలకు నేర్పవలసిన మొదటి పాఠం ఇదే. దైవప్రవక్త (స) ఈ ఆయత్‌లను దాచుకోలేదు, అందరికీ వినిపించారు. ఆ తర్వాత హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) వచ్చినప్పుడల్లా ఆయనను ఎంతో ఆదరించేవారనీ, ఏమైనా అవసరం ఉందా అని అడిగేవారనీ తఫ్సీర్ గ్రంథాలలో ఉంది. పొరపాటును దిద్దుకునే పద్ధతి కూడా మన ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు అక్కడి నుంచే నేర్చుకోవాలి.

మదీనాలో

క్రీ.శ. 622లో జరిగిన హిజ్రత్‌కు కొంచెం ముందు మదీనా వారికి ఖుర్ఆన్ నేర్పేవారు కావలసి వచ్చారు. అందరికంటే ముందు అక్కడికి చేరినవారు ఇద్దరు. ఒకరు హజ్రత్ ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి), రెండోవారు హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి). చూపులేని మనిషి తన ఊరు విడిచి, ఎడారిదారిన ప్రయాణించి, కొత్త ఊరిలో గురువుగా నిలిచారు. మదీనా పిల్లలకు, పెద్దలకు ఖుర్ఆన్ నేర్పిన తొలి ఉస్తాద్‌లలో ఒకరు అంధులన్న సంగతి మన మద్రసాల గోడల మీద రాసుకోదగినది.

రమజాన్ నెలలో మదీనాలో రెండు అజాన్‌లు వినిపించేవి. హజ్రత్ బిలాల్ (రజి) ఇంకా రాత్రి ఉండగానే అజాన్ ఇచ్చేవారు. నిద్రపోతున్నవారు లేవడానికి, నమాజులో ఉన్నవారు సహరీకి వెళ్ళడానికి అది సూచన. హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) అజాన్ వినిపించే వరకు తినవచ్చు, తాగవచ్చు అని దైవప్రవక్త (స) ప్రజలకు తెలిపారు. అంటే ఆ నగరమంతా ఎప్పుడు తినడం ఆపాలో ఒక అంధుని గొంతు నిర్ణయించేది. ఉషోదయాన్ని ఆయన చూడలేరు కదా! తెల్లవారిందని ఎవరైనా చెప్పిన తర్వాతే ఆయన అజాన్ ఇచ్చేవారు. పని ఆయనది, ఆకాశాన్ని చూసి చెప్పే సాయం మరొకరిది. సాయం అవసరమైనంత మాత్రాన పని ఆయన చేతి నుంచి పోలేదు. మేము మా మక్తబ్‌లో మరచిపోయినది సరిగ్గా దీనినే.

దైవప్రవక్త (స) మదీనా విడిచి వెళ్ళినప్పుడు ఎన్నోసార్లు ఆయననే తమ ప్రతినిధిగా నియమించారు. అలా 13 సార్లు జరిగిందని కొన్ని గ్రంథాలలో ఉంది. హి. 2లో బద్ర్‌కు, హి. 3లో ఉహుద్‌కు బయలుదేరినప్పుడు మదీనాలో నమాజు చేయించే బాధ్యత ఆయనకే అప్పగించారు.

మినహాయింపు, బాధ్యత

ఒకసారి ఆయన దైవప్రవక్త (స) దగ్గరకు వచ్చి, మస్జిద్‌కు తనను తగినవిధంగా తీసుకువచ్చే మనిషి లేడనీ, ఇంట్లోనే నమాజు చేసుకోవడానికి అనుమతి కావాలనీ అడిగారు. అజాన్ వినిపిస్తుందా అని దైవప్రవక్త (స) విచారించారు. వినిపిస్తుందని చెప్పగా, అయితే రావాలని చెప్పారు. కానీ హజ్రత్ ఇత్బాన్ బిన్ మాలిక్ (రజి) విషయంలో వేరే విధంగా జరిగింది. ఆయన చూపు దెబ్బతింది. వర్షాలకు వాగు పొంగితే తన ప్రజల మస్జిద్‌కు వెళ్ళలేకపోయేవారు. తన ఇంట్లో ఒకచోట నమాజు చేయమని, దానినే తన నమాజు స్థలంగా చేసుకుంటానని దైవప్రవక్త (స)ను కోరారు. దైవప్రవక్త (స) హజ్రత్ అబూబక్ర్ (రజి)తో కలిసి స్వయంగా ఆయన ఇంటికి వెళ్ళి, ఆయన చూపిన చోట నమాజు చేశారు. ఇద్దరూ చూపు ఇబ్బంది ఉన్నవారే. ఇద్దరికీ దొరికిన జవాబు ఒకటి కాదు. కష్టంలో ఉన్నవారికి సడలింపు ఉందని ధర్మవేత్తలు వివరించారు. అయితే వికలాంగులందరినీ ఒకే గాటన కట్టకూడదు. ఎవరి పరిస్థితి ఏమిటో వారినే అడిగి తెలుసుకోవాలి.

మరో సంఘటన చూడండి. దైవమార్గంలో పోరాడేవారు, ఇంట్లో కూర్చునేవారు సమానులు కారని తెలిపే ఆయత్ అవతరించినప్పుడు హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) దానిని భుజపుటెముక మీద రాస్తున్నారు. హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) తన అంధత్వాన్ని విన్నవించుకున్నారు. తనవంటివారి సంగతేమిటన్నది ఆయన ఆవేదన. వెంటనే మళ్ళీ దైవవాణి దిగింది. శారీరక ఆటంకం ఉన్నవారిని మినహాయించే మాట సూరా నిసాలోని 95వ ఆయత్‌లో చేరింది. ఎముక మీద పగులు దగ్గర ఆ మాటను చేర్చిన చోటు తమ కళ్ళకు కట్టినట్టే ఉందని హజ్రత్ జైద్ (రజి) తర్వాతి కాలంలో చెప్పుకునేవారు. ఒక అంధుడు తన బాధ చెప్పుకున్నాడు, ఆకాశం నుంచి జవాబు వచ్చింది. మరి మన తరగతిలో ఒక పిల్లవాడు బోర్డు కనిపించడం లేదని చెబితే మనం ఎన్నాళ్ళకు వింటున్నాము?

మినహాయింపు లభించినా ఆయన దానితో సరిపెట్టుకోలేదు. హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో, క్రీ.శ. 636 ప్రాంతంలో ఖాదిసియా యుద్ధం జరిగింది. చూపులేనివాడు పారిపోలేడు గనుక జెండా తనకు ఇచ్చి రెండు బారుల మధ్య నిలబెట్టమని ఆయన కోరేవారు. ఆ రోజున ఆయన కవచం ధరించి నల్లజెండా పట్టుకుని ఉండగా హజ్రత్ అనస్ (రజి) చూశారు. సేనాని హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) కూడా ఆనాడు జబ్బుతో గుర్రమెక్కలేక మేడ మీది నుంచే సైన్యాన్ని నడిపారు. హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) అక్కడే అమరులయ్యారని కొందరు, మదీనాకు తిరిగి వచ్చి మరణించారని మరికొందరు చరిత్రకారులు రాశారు.

మన పిల్లలకు ఏం నేర్పాలి?

ఈ జీవితాన్ని పిల్లలకు కథగా చెప్పి వదిలేస్తే చాలదు, అలవాటుగా మార్చాలి. చూపులేనివారికి సలాం చేసినప్పుడు తమ పేరు కూడా చెప్పాలి. చేయి పట్టుకునే ముందు సాయం కావాలా అని అడగాలి. వినికిడి లేనివారితో ఎదురుగా నిలబడి, పెదవులు కనిపించేలా మాట్లాడాలి. గుడ్డి, కుంటి, చెవిటి అని పిలవడం చాలా ఇళ్ళలో తమాషాగా సాగుతోంది. ఎగతాళిని, చెడ్డ పేర్లతో పిలవడాన్ని దివ్యఖుర్ఆన్ సూరా హుజురాత్‌లో స్పష్టంగా నిషేధించింది. అంధుణ్ణి దారి తప్పించేవాడు శాపగ్రస్తుడని హదీసు తెలుపుతోంది. చెప్పులు దాచడం కూడా ఆ కోవలోకే వస్తుందని పిల్లలకు విడమరచి చెప్పాలి.

కొన్ని బడులలో పిల్లల కళ్ళకు గంతలు కట్టి నడిపిస్తారు. దానివల్ల చీకటి భయం తెలుస్తుంది. కానీ ఏళ్ళ తరబడి ఆ చీకటిలో బ్రతకడం నేర్చిన మనిషి నైపుణ్యం తెలియదు. కలిసి పనిచేస్తేనే అది తెలుస్తుంది. అందుకే అటువంటి పిల్లలను వెనక వరుసలో కాక పనిలో కూర్చోబెట్టాలి. తెల్లవారిందని చెప్పే ఒక తోడును పక్కన ఉంచాలి.

తల్లిదండ్రులకు కూడా ఒక మనవి. సిగ్గుపడి వికలాంగులైన పిల్లలను ఇంట్లో దాచకండి. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం లేదా అంతకంటే ఎక్కువ వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య హక్కుగా ఉంది. ఆ హక్కును అడిగి తీసుకోండి. ఉమ్మె మక్తూమ్ గారు తన కొడుకును దాచి ఉంచితే మదీనాకు ఆ ముఅజ్జిన్ దక్కేవారా?

ఆ మర్నాడు మేము ఆ బాలుణ్ణి ముందు వరుసలోకి పిలిచి సబఖ్ అడిగాము. అతను రెండుచోట్ల తప్పు చదివాడు. అందరినీ దిద్దినట్టే అతనినీ దిద్దాము. ఆ రోజు అతని ముఖంలో కనిపించిన సంతోషం మాకు ఇప్పటికీ గుర్తుంది. చెప్పులు దాచిన పిల్లల్లో ఒకడు మరునాటి నుంచి అతని పక్కనే కూర్చుని వినిపించడం మొదలుపెట్టాడు.

మన కళ్ళున్నా చూడని లోపాన్ని అల్లాహ్ మన నుంచి తొలగించుగాక! మన పిల్లల హృదయాలలో తోటివారి పట్ల గౌరవాన్ని నింపుగాక! ఆమీన్.