రేకుల షెడ్డు నుంచి మ్యూజియం దాకా
(పినిన్ ఫరీనా జీవితం)

పెద్దపల్లి నుంచి గోదావరిఖని పోయే దారిలో లారీల షెడ్లు మనం ఎన్నోసార్లు చూశాం. అక్కడ డెంటింగ్ నేర్చుకునే పిల్లలు సుత్తి పట్టి రేకు సాపు చేస్తుంటారు. చదువు అబ్బక షెడ్డులో చేరారని వాళ్ళను తేలిగ్గా తీసేస్తాం. అలాంటి షెడ్డులోనే బతుకు మొదలుపెట్టిన ఒక ఇటలీ దేశస్థుని కథను ఈ వార్షికోత్సవ సంచికలో హాస్టల్ మిత్రులతో పంచుకోవాలనుకున్నాం.

ఆయన అసలు పేరు బాటిస్టా ఫరీనా. 1893 నవంబరు 2న ఉత్తర ఇటలీలోని పీడ్మాంట్ ప్రాంతంలో పుట్టారు. 11 మంది సంతానంలో 10వ వాడు. ఇంట్లో పినిన్ అని పిలిచేవారు. వాళ్ళ భాషలో ఆ మాటకు చిన్నోడు అని అర్థం. 11, 12 ఏళ్ళ వయసులోనే ట్యూరిన్ నగరంలో అన్న జొవాన్నీ నడిపే బాడీ షెడ్డులో పనికి కుదిరారు. ఆ రోజుల్లో కంపెనీ ఇంజను, చట్రం తయారుచేస్తే, పైన బాడీ కట్టడం ఇలాంటి షెడ్ల పని. మన దగ్గర లారీలకు బాడీ కట్టినట్టే.

పినిన్ సుత్తితోపాటు పెన్సిల్ కూడా పట్టారు. సుమారు 18 ఏళ్ళప్పుడు ఆయన గీసిన రేడియేటర్ రూపాన్నే ఫియట్ కంపెనీ తన జీరో అనే కారుకు ఎంచుకుంది. 1920లో అమెరికా వెళ్ళి హెన్రీ ఫోర్డును కలిశారు. అక్కడ ఉద్యోగం ఇస్తామన్నా ఒప్పుకోక తిరిగి వచ్చారు. 1930లో సొంత కంపెనీ పెట్టారు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ ఓడిపోయింది. 1946 పారిస్ కార్ల ప్రదర్శనలో ఇటలీ వారికి చోటు ఇవ్వలేదు. పినిన్ ఊరుకోలేదు. కొడుకు సెర్జియోతో కలిసి రెండు కార్లు నడుపుకుంటూ ట్యూరిన్ నుంచి పారిస్ చేరి, ప్రదర్శన జరిగే భవనం ముందే వాటిని నిలిపారు. లోపలికి పోయేవాళ్ళంతా ముందు ఆ కార్లనే చూశారు. గేటు మూసినంత మాత్రాన పనితనం దాగదని ఆయన చూపించారు.

మరుసటి ఏడాది, 1947లో, ఆయన పేరు నిలబెట్టిన కారు వచ్చింది. అదే చిసిటాలియా 202. రెండు తలుపుల కూపే. దాని 1,089 సీసీ ఇంజనుకు మూలం ఫియట్ 1100. ఒకప్పుడు మన రోడ్ల మీద తిరిగిన ప్రీమియర్ పద్మిని కూడా ఆ ఫియట్ 1100 వంశానిదే. అంతకుముందు కార్లలో బానెట్, మడ్‌గార్డులు, లైట్లు దేనికది అతికించినట్టు ఉండేవి. సావొనుజ్జి అనే ఇంజనీరు ఆలోచనను మెరుగుపరిచి, పినిన్ అన్నిటినీ ఒకే రేకులో కలిసిపోయేలా మలిచారు. పనివాళ్ళు అల్యూమినియం రేకును చేత్తో కొట్టి ఆ వంపులు తెచ్చారు. ఆ 202 కార్లు మొత్తం 170 దాకా మాత్రమే తయారయ్యాయి. 1951లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ఎనిమిది కార్లను కళాఖండాలుగా ప్రదర్శిస్తే, అందులో ఇది ఒకటి. 1972లో దీన్ని తన సేకరణలోనే చేర్చుకుంది.

1952 నుంచి ఫెరారీ కార్లకు కూడా పినిన్ రూపం ఇచ్చారు. ట్యూరిన్ పాలిటెక్నిక్ ఆయనకు ఆర్కిటెక్చర్‌లో గౌరవ పట్టా ఇచ్చింది. 1961లో ఇటలీ రాష్ట్రపతి ఉత్తర్వుతో ఆయన ఇంటిపేరు పినిన్‌ఫరీనాగా మారింది. ఇంట్లో ముద్దుపేరు ఇంటిపేరైంది. 1966 ఏప్రిల్ 3న స్విట్జర్లాండులోని లొజాన్‌లో కన్నుమూశారు.

పసివయసులో పనికి పోవడం గొప్ప అని మేము చెప్పడం లేదు. ఆ వయసు పిల్లలు బడిలోనే ఉండాలి. కానీ చేతి పని కూడా చదువేనని ఈ జీవితం చెబుతుంది. మ్యూజియం ఆ కారు పక్కన పినిన్ పేరు రాసింది, రేకు కొట్టిన పనివాళ్ళ పేర్లు రాయలేదు. మనలో ఎందరికో అన్నలు పనిలో చేరి ఇంటికి ఆసరా అయితేనే మనం హాస్టల్‌లో ఉండి చదువుకోగలిగాం. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు అన్న పక్కన కూర్చుని, రేకు సాపు అయిందని చేతికి ఎట్లా తెలుస్తుందో అడుగుదాం. చెప్పింది నోటుపుస్తకంలో రాసుకుందాం. పైన అన్న పేరు కూడా రాద్దాం.